వ్యవసాయ కాలేజీలో కొత్తగా చేరారా? మొదటి ఏడాది సలహాలు వద్దు, లెక్కలు రాయండి

అగ్రికల్చర్ బీఎస్సీలో సీటొచ్చిందని ఊళ్ళో తెలిసిన వారంలోపే ఎవరో ఒకరు వరి దుబ్బు పీక్కుని మీ ఇంటి అరుగు మీదికి వస్తారు. వేళ్ళ నుంచి బురద ఇంకా కారుతూనే ఉంటుంది. "బాబూ, ఇదేటి తెగులో సూడు" అంటారు. మీకింకా ఐడీ కార్డు కూడా రాలేదు. ఫీజు కట్టడానికి శ్రీకాకుళం దగ్గరి నైర వ్యవసాయ కాలేజీకి ఒక్కసారి వెళ్ళొచ్చారు, అంతే. ఇంటర్ బైపీసీలో బట్టీ పట్టిన కిరణజన్య సంయోగక్రియ ఆ దుబ్బుకి ఎందుకూ పనికిరాదు. అయినా ఆ పెద్దాయన ముందు "తెలీదు" అనడానికి నోరు రాదు.

నేను సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను. ఎలాగో కాసేపట్లో చెప్తాను.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వ్యవసాయ డిగ్రీలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. చేరేటప్పుడు అందరికీ ఉత్సాహం ఉంటుంది. రెండో సెమిస్టరు వచ్చేసరికి రికార్డులు, అటెండెన్సు, నోరు తిరగని లాటిన్ పేర్ల మధ్య అది ఇసుక నేలలో పెట్టిన తడిలా ఇంకిపోతుంది. నాకు తెలిసినంతలో దాన్ని నిలబెట్టేవి మూడు: ఒక మడి, ఒక రైతు, ఒక నోటుబుక్కు. ఈ మూడింటినీ ఎలా సంపాదించాలో, వాటితో ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు సామాను

జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి కొనండి. రికార్డు పుస్తకం సార్ కోసం, ఇది మీ కోసం. రాయడానికి పెన్సిలే వాడండి, వానలో తడిసినా చెరగదు. ఐదు మీటర్ల టేపు, పది రెట్లు పెద్దగా చూపే చిన్న భూతద్దం, ఒక పాత బ్లేడు, నాలుగు పాలిథిన్ సంచులు. బూట్లు కొనకండి. దమ్ము చేసిన మడిలో దిగితే కాలు పైకొస్తుంది గానీ బూటు రాదు.

ఇంకొకటి మీరే చేసుకోవచ్చు. గోడలు నిటారుగా, అడుగు చదునుగా ఉన్న స్టీలు డబ్బా తీసుకుని, డాబా మీద గోడలకీ చెట్లకీ దూరంగా, గాలికి పడకుండా ఇటుకల మధ్య పెట్టండి. రోజూ ఉదయం 8.30కి అందులో నీటి లోతు స్కేలుతో కొలిచి, రాసుకుని, పారబోయండి. వాతావరణ శాఖ వాళ్ళు కూడా ఆ వేళకే కొలుస్తారు. లోతు ఎన్ని మిల్లీమీటర్లుంటే అన్ని మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. డబ్బా మూతి వెడల్పుతో పని లేదు, గోడలు నిటారుగా ఉంటే చాలు. 10 మిల్లీమీటర్ల వాన పడిందంటే ఎకరంలో దాదాపు 40 వేల లీటర్ల నీళ్ళు పడ్డట్టు. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నేను డబ్బా వైపు, ఆకాశం వైపు రెండు మూడుసార్లు చూశాను.

మడిని వెతుక్కోవడం

సొంత పొలం ఉంటే ఇంట్లో అడిగి ఒక్క మడి మీ పేరు మీద పెట్టించుకోండి. పంట మీరే పండించాలని లేదు, మీ కళ్ళు దాని మీద ఉంటే చాలు. పొలం లేనివాళ్ళకీ, విశాఖలాంటి పట్నాల నుంచి వచ్చినవాళ్ళకీ కాలేజీ గేటు దాటితే పొలాలే. పొద్దున ఆరింటికి వెళ్ళండి. ఎండెక్కాక వెళ్తే మీకు కనబడేది పశువులూ, కొంగలే.

వెళ్ళగానే "సర్వే" అనే మాట ఎత్తకండి. సర్వే అంటే భూమి కొలవడానికి వచ్చారనుకుంటారు, ఆ తర్వాత మీరేం అడిగినా సగం జవాబే వస్తుంది. "ఏ ఊరు బాబూ, ఎవరబ్బాయివి?" అని వాళ్ళే అడుగుతారు. చెప్పండి. "నేర్చుకోడానికొచ్చాను, గట్టు మీద నిలబడి చూసుకుంటాను" అనండి. చెప్పినట్టే నిలబడి చూసి వచ్చేయండి. మూడుసార్లు అలా వెళ్తే నాలుగోసారి చోడి అంబలి గ్లాసు మీ చేతిలోకి వస్తుంది. వద్దనకండి. అక్కడి నుంచే అసలు చదువు మొదలవుతుంది.

మడి దొరికాక కొలవండి. పొడవునీ వెడల్పునీ మీటర్లలో గుణించి 40.5తో భాగిస్తే సెంట్లు వస్తాయి. మా చిన్నాన్న మడి 45 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు. గుణిస్తే 1620, భాగిస్తే 40 సెంట్లు. వంకర మడి అయితే త్రిభుజాలుగా విడగొట్టి కలుపుకోండి. ఈ అంకె నోటుబుక్కు మొదటి పేజీలో పెద్దగా రాసుకోండి. ఇక మీదట ప్రతి లెక్కకీ ఇదే ఆధారం.

ఊరి మాటలు

క్లాసులో ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటారు, పుస్తకంలో నాట్లు అని ఉంటుంది, మనవైపు అవి ఉభాలు. గింజ నేరుగా జల్లితే ఎద. నారుమడి మనకి ఆకుమడి. రాగులు చోళ్ళు, సజ్జలు గంటెలు. ఈ మాటలు వదిలేసి "మీరు నర్సరీ ఎప్పుడు రైజ్ చేశారు?" అని అడిగితే రైతు మీ ముఖం వైపు కాదు, మీతో వచ్చిన వాళ్ళ వైపు చూస్తాడు.

తేదీలదీ అంతే. పుస్తకంలో "జూలై మొదటి పక్షం" అని ఉంటుంది, రైతు "పునర్వసులో" అంటాడు. కార్తెలు నోటుబుక్కు వెనక పేజీలో రాసుకోండి: మృగశిర జూన్ 7 ప్రాంతంలో వస్తుంది, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జూలై 6, పుష్యమి జూలై 20, ఆశ్లేష ఆగస్టు 3, మఖ ఆగస్టు 17. ఒకటి అటూ ఇటూ పద్నాలుగు రోజులు. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అని మీ నాయనమ్మ అంటే ఊరికే తలూపకండి. మీ డబ్బాలో ఆరుద్ర నుంచి పునర్వసు దాకా ఎన్ని మిల్లీమీటర్లు పడిందో కూడి చూడండి. ఆ సామెతకి మీ ఊరి అంకె మీ దగ్గరే ఉంటుంది.

విత్తనాల పేర్లు కూడా ఊళ్ళ పేర్లే. రైతు "వెయ్యిన్నొకటి" అంటే ఎంటీయూ 1001, ఎంటీయూ అంటే మారుటేరు. సాంబ మసూరి బీపీటీ 5204, అది బాపట్లది. ఆర్‌జీఎల్ అని కనబడితే మన రాగోలు. శ్రీకాకుళం సన్నాలు అనే రకం ఆర్‌జీఎల్ 2537. చోళ్ళలో వీఆర్ అంటే విజయనగరం. వీఆర్ 708కి చంపావతి అని, వీఆర్ 929కి వేగావతి అని మన ఏళ్ళ పేర్లే పెట్టారు. చంపావతి ఒడ్డున పుట్టిన పిల్లకి మా క్లాసులో ఈ సంగతి తెలిసిన రోజు ఆ పిల్ల మొహం చూడాలి. అప్పటిదాకా వీఆర్ అంటే ఎవరో సైంటిస్టు ఇనీషియల్స్ అనుకుంది.

మట్టి తీయడం

ఇది సెలవుల్లో, మడి ఎండి ఉన్నప్పుడు చేయాల్సిన పని. ఎరువు వేసిన కొత్తలో తీయకండి. గట్టు దగ్గర, చెట్టు నీడన, పెంట కుప్ప వేసిన చోట, నీళ్ళు పారే బోదెలో తీయకండి. మిగతా మడిలో పాము నడిచినట్టు వంకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల ఆగండి. ఆగిన చోట పైనున్న చెత్త, గడ్డి చేత్తో పక్కకి తోసి, పారతో ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఆరు అంగుళాల గొయ్యి తీయండి. ఆ మట్టి పారేయాలి. గొయ్యి పక్క గోడ నుంచి, పై నుంచి కింది దాకా, బొటనవేలు మందాన పొరలా చెక్కండి. మీకు కావాల్సిన మట్టి అదే.

అన్ని చోట్ల మట్టీ ఒక గోనె మీద పోసి, గడ్డలు చిదిపి, బాగా కలిపి, రొట్టెలా గుండ్రంగా పరవండి. వేలితో దాన్ని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే పని. నీడలో ఆరబెట్టి, సంచిలో పోసి, లోపల ఒక చీటీ పెట్టండి: రైతు పేరు, ఊరు, సర్వే నంబరు, ముందు వేసిన పంట, వేయబోయే పంట. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడిగితే ల్యాబుకి ఎలా పంపాలో చెప్తారు. ఫలితం వచ్చాక దాన్ని మీరు అర్థం చేసుకునే ప్రయత్నం మాత్రమే చేయండి. రైతుకి చదివి వినిపించే పని సార్‌కి చూపించాకే.

మొదటిసారి నేను గోనె బదులు పాత యూరియా బస్తా పరిచాను. మా సాయిల్ సైన్స్ మేడమ్ సంచి చూసి ఒక్క మాట కూడా అనలేదు. చెత్తబుట్ట వైపు చూపించారు.

హాస్టల్ గదిలో గింజ పరీక్ష

దీనికి పొలం కూడా అక్కర్లేదు. ఎవరి ఇంట్లోనైనా విత్తనం కోసం దాచిన ధాన్యం ఒక గుప్పెడు తెచ్చుకోండి. ఏరకుండా, ఎలా వస్తే అలా, వంద గింజలు లెక్కపెట్టండి. మంచివి ఏరితే పరీక్ష అబద్ధం చెప్తుంది. తడిపి పిండిన గోనె ముక్క మీద వరసగా పేర్చి, పైన ఇంకో తడి ముక్క కప్పి, చుట్టి నీడన పెట్టండి. రోజూ నీళ్ళు చిలకరించండి. వారం తర్వాత విప్పి, వేరూ మొలకా రెండూ సరిగ్గా వచ్చినవి లెక్కపెట్టండి. వరికి 80 తగ్గకూడదు. 60 వస్తే గింజ చెడ్డదని అప్పుడే తీర్పు చెప్పేయకండి. కొత్తగా కోసిన ధాన్యానికి కొన్ని రకాల్లో నిద్రావస్థ ఉంటుంది, కొన్నాళ్ళు ఆగి మళ్ళీ చూడాలి.

మెస్సులో ఒక పచ్చి గుడ్డు అడిగితే ఇంకో ముచ్చట కూడా చూడొచ్చు. బకెట్‌లో మంచినీళ్ళు పోసి గుడ్డు వేయండి, మునుగుతుంది. తీసి, ఉప్పు కలుపుతూ పోయి, మళ్ళీ వేయండి. గుడ్డు తేలి, పైన రూపాయి బిళ్ళంత మేర కనబడినప్పుడు ఆపండి. ఆ నీళ్ళలో ధాన్యం పోస్తే తాలు, సగం పాలు పోసుకున్న గింజలు తేలతాయి, గట్టి గింజ అడుగున ఉంటుంది. తేలినవి తీసేసి, గట్టి గింజని మంచినీళ్ళతో రెండుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది.

డిగ్రీ మడి కథ

ఇప్పుడు నా సంగతి. ఫస్టియర్ అయ్యాక సెలవులకి ఊరెళ్ళాను. మాది నారాయణపురం ఆనకట్ట కాలువ కింది ఊరు. ఉభాలు అయిపోయిన కొత్త. చిన్నాన్న గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏట్రా, పెద్ద సదువులు సదువుతున్నావు కదా, యూరియా ఎంతెయ్యమంటావు?"

నా నోట్సులో వరికి 80-60-40 అని ఉంది. నత్రజని, భాస్వరం, పొటాష్. నత్రజని 80 కిలోలు. ఫోన్ తీసి లెక్క వేశాను. యూరియాలో నత్రజని 46 శాతం. 40 సెంట్ల మడికి 32 కిలోల నత్రజని, అంటే 70 కిలోల యూరియా. చెప్పాను. చిన్నాన్న చుట్ట నోట్లోంచి తీశాడు.

"మరీ అంతా?"

"సైన్సు చిన్నాన్నా."

ఆయన కాసేపు మడి వైపు చూశాడు. "సరే, సదువుకున్నోడివి. గానీ ఈ ఒక్క మడికే" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన మిగతా రెండెకరాలూ కాపాడుకున్నాడని అప్పుడు నాకు తెలీలేదు.

రెండు దఫాలుగా వేశాం. సెప్టెంబరు వచ్చేసరికి ఆ మడి చుట్టుపక్కల మళ్ళకంటే నల్లగా, నిగనిగలాడుతూ లేచింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆకు మెత్తబడింది, దుబ్బుల మొదళ్ళలో సుడిదోమ దిగింది. అక్టోబరులో ఒక రాత్రి గాలివానకి చేనంతా చాప చుట్టినట్టు పడుకుంది. పక్కన అంతే కొలత మడిలో పది బస్తాలు వస్తే అందులో నాలుగున్నర వచ్చాయి. ఊళ్ళో ఇప్పటికీ దాన్ని డిగ్రీ మడి అంటారు.

తప్పెక్కడో కాలేజీకి తిరిగొచ్చి నోట్సు మళ్ళీ తెరిస్తే కనబడింది. 80 కిలోలు హెక్టారుకి. రైతు అడిగింది ఎకరానికి. 28 కిలోల యూరియా సరిపోయే చోట 70 వేయించాను.

కాబట్టి ఈ లెక్క ఒక్కటి చేతివేళ్ళ మీదికి వచ్చేదాకా చేయండి. హెక్టారంటే 2.47 ఎకరాలు, నోటి లెక్కకి రెండున్నర. పుస్తకంలో నత్రజని 80 అని ఉంటే ఎకరానికి 32. ఇప్పుడు దాన్ని బస్తాల్లోకి మార్చాలి, ఎందుకంటే రైతు కొనేది నత్రజని కాదు. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. 50 కిలోల బస్తా వేస్తే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం పడ్డట్టు. 32లోంచి 9 తీసేస్తే 23 మిగిలింది. 23ని 0.46తో భాగిస్తే 50 కిలోల యూరియా. ఒకప్పుడు అది సరిగ్గా ఒక బస్తా. 2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలే వస్తోంది కాబట్టి బస్తా మీద ఇంకో ఐదు కిలోలు. అదీ ఒక్కసారి గుమ్మరించేది కాదు. దమ్ములో కొంత, దుబ్బు కట్టేటప్పుడు కొంత, అంకురం తొడిగేటప్పుడు కొంత.

ఈ 80 అనే అంకె లెక్క నేర్చుకోడానికే. మీ మండలానికి, రకానికి, మట్టికి తగ్గ మోతాదు వేరుగా ఉంటుంది. యూనివర్సిటీ ఏటా వేసే వ్యవసాయ పంచాంగంలో చూడండి, అందులో ఎకరాల లెక్క, తెలుగులో ఉంటుంది. సీనియర్ల నోట్సు జిరాక్సు తీయించే ముందు అది కొనుక్కోండి.

ఉభాల్లో ఒక రోజు

ఒక్క రోజు, పూర్తిగా ఒక్క రోజు, ఉభాలు వేయండి. ఆకు కట్ట ఎడమ చేతిలో పట్టుకోవాలి. కుడి చేత్తో రెండు మూడు మొక్కలు విడదీసి, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి వేరు దగ్గర పట్టుకుని, రెండు మూడు సెంటీమీటర్ల లోతున గుచ్చి వదలాలి. లోతు ఎక్కువైతే పిలకలు తగ్గుతాయి. ముందుకి కాదు, వెనక్కి నడుస్తూ వేయాలి. ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను ముందుకి నడుస్తూ, నా మొక్కలు నేనే తొక్కుకుంటూ పోతుంటే వరసలో ఆడవాళ్ళు నడుములు ఎత్తి నిలబడి మరీ నవ్వారు. గంటకే నా నడుం విరిగింది. నా పక్కనావిడ అరవై దాటిన మనిషి, మధ్యాహ్నం దాకా ఒక్కసారి ఒళ్ళు విరుచుకోలేదు.

రెండు రోజుల తర్వాత వెళ్ళి లెక్కపెట్టండి. నాలుగు వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టి, మడిలో నాలుగైదు చోట్ల వేసి లోపలున్న దుబ్బులు లెక్కించండి. ఖరీఫ్‌లో చదరపు మీటరుకి 33 ఉండాలంటారు. నేను వేసిన మూలలో 19 వచ్చాయి. ఆ పెద్దావిడ వరసలో 31. ఆవిడ ఏ రోజూ టేపు పట్టుకోలేదు.

క్లాసు సంగతి, పురుగుల పెట్టె

దీని గురించి ఎక్కువ చెప్పను, సీనియర్లు చెప్తారు. అటెండెన్సు 75 శాతం తగ్గనివ్వకండి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు పదాలకి టెన్షన్ పడకండి. నోటుబుక్కులో ఎడమవైపు ఊరి మాట, కుడివైపు క్లాసు మాట రాసుకుంటూ పోతే సెమిస్టరు తిరిగేసరికి అదే మీ డిక్షనరీ అవుతుంది.

పురుగుల్ని పట్టి సూదులతో గుచ్చి ఉంచే పెట్టె, కలుపు మొక్కల్ని నొక్కి ఎండబెట్టి అతికించే హెర్బేరియం చివరి వారానికి వాయిదా వేయొద్దు. వానాకాలంలో హాస్టల్ వరండా లైటు కిందికే సగం పెట్టె నడిచొస్తుంది. పెంకు పురుగుకి సూది కుడి రెక్క పెంకులోంచి గుచ్చాలి, మధ్యలో కాదు. సీతాకోకచిలుకకి వీపు మధ్యలో. నాఫ్తలీన్ ఉండలు మర్చిపోతే చీమలు మీకు కాళ్ళు, రెక్కలు మాత్రమే మిగులుస్తాయి. మొక్కలు నొక్కిన పాత పేపర్లు మొదటి వారం రోజూ మార్చకపోతే బూజు పడతాయి. ఉద్దానం వైపు స్నేహితుడుంటే కొబ్బరి కొమ్ము పురుగు తెమ్మనండి. బదులుగా మీరు వరి కంకుల మీది గంధి పురుగు ఇవ్వగలిగితే బేరం కుదిరినట్టే.

సెలవు రోజున తిరగాల్సిన చోట్లు

శ్రీకాకుళం ఆనుకునే రాగోలు పరిశోధన స్థానం, వరి కోసం. ఆమదాలవలసలో గోగు మీద పని జరుగుతుంది. గోగు కట్టలు చెరువులో నానబెట్టిన కంపు మన తాతల కాలంలో ఈ జిల్లాల్లో ఊరూరా ఉండేది. నార తీసే వాళ్ళు ఇప్పుడు దొరికితే కూర్చుని వినండి. విజయనగరంలో చోళ్ళు, చిరుధాన్యాలు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తి దూది శుభ్రం చేయడం చూస్తే, క్లాసులో పత్తి పింజ పొడవు గురించి చెప్పినప్పుడు మీకు నిద్ర రాదు.

ఇచ్ఛాపురం దాకా వెళ్ళే పని పడితే ఒకటి గుర్తు తెచ్చుకోండి. 1964లో మొదలైన మన యూనివర్సిటీకి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రంగా రైతు ఉద్యమం నడిపిన రోజుల్లో, 1937-38లో, రైతులు ఆ ఇచ్ఛాపురం నుంచే మద్రాసు దాకా నడిచారు, రైతు రక్షణ యాత్ర అని. రోజూ మెళ్ళో వేసుకునే ఐడీ కార్డు మీది పేరుకి మన జిల్లాతో ఉన్న లంకె అది.

ఉద్దానం మాత్రం తొందరగా చూసి వచ్చేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి. వరి పోతే రైతు వచ్చే ఏడాది వైపు చూస్తాడు. పొడవు రకం కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అక్కడ రైతుని "ఎంత నష్టం?" అని అడగకండి, ఆ ప్రశ్న ఆయన వంద మందికి జవాబు చెప్పి ఉంటాడు. "తర్వాత ముందుగా ఏం వేశారు?" అని అడగండి. మొక్కలు ఎదిగేలోపు వాటి మధ్య ఏం పండించారు, తినడానికి ఏం చేశారు, ఎవరు వలస వెళ్ళారు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నకే వస్తాయి. నాలుగో ఏడాదిలో రావెప్ పేరుతో మిమ్మల్ని ఊళ్ళోకి పంపి, రైతుల మధ్యే ఉంచుతారు. ఇలా అడగడం అప్పటికి చేతనైతే మీకు హాయి, రైతుకీ హాయి.

మళ్ళీ దుబ్బు తెచ్చినప్పుడు

తెస్తారు. ఈసారి తెల్లమొహం వేయనక్కర్లేదు. దుబ్బు చేతిలోకి తీసుకునే ముందే అడగండి: ఏ రకం, ఉభాలు ఎప్పుడయ్యాయి, ఏమేమి వేశారు, మడంతా ఇలాగే ఉందా, ఒక మూలేనా, గట్టు పక్కనా, సుడిలా మధ్యలోనా? ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబే సగం రోగం చెప్తుంది. వీలైతే ఆయనతోపాటు మడి దాకా నడవండి.

తర్వాత చేతి పరీక్షలు. ఎండిన మొవ్వు పట్టుకుని లాగండి. తేలిగ్గా ఊడొచ్చి, అడుగున కొరికినట్టు ఉంటే కాండం తొలిచే పురుగు. మొవ్వు బదులు ఉల్లికాడలా బోలు గొట్టం వస్తే ఉల్లికోడు. ఆకు అంచుల నుంచి పసుపురంగుకి తిరిగి ఎండుతుంటే ఆ ఆకుని పచ్చగా ఉన్న చోటుకి, ఎండిన చోటుకి మధ్య బ్లేడుతో కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళలో నిలబెట్టండి. కోసిన చోట నుంచి పాలలాంటి తీగ జారితే బ్యాక్టీరియా ఎండాకు తెగులు. దుబ్బు మొదట్లో చేత్తో తట్టండి. నీళ్ళ మీద గోధుమరంగు పురుగులు రాలితే సుడిదోమ.

రాసుకోండి. ఫోటో తీసేటప్పుడు ఒక్క ఆకే కాకుండా వేళ్ళతో సహా దుబ్బు ఒకటి, మడి మొత్తం ఒకటి తీయండి. మందు పేరు అడుగుతారు. అక్కడ ఆగండి. "మా సార్‌కి చూపించి రేపు సాయంత్రం చెప్తాను" అనండి. ఈ మాటకి ఎవరూ చిన్నచూపు చూడరు. రేపు సాయంత్రం వెళ్ళకపోతే చూస్తారు. సార్ దొరక్కపోతే రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులు ఉంటారు, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్ రైతు చేత చేయించి, స్పీకర్ పెట్టి మీరు వినండి. వాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా నోటుబుక్కులోకే.

మొన్న ఉభాలప్పుడు ఊరెళ్ళాను. డిగ్రీ మడి గట్టు మీద చిన్నాన్న అదే చోట కూర్చుని ఉన్నాడు. మట్టి పరీక్ష కాగితం నా జేబులోనే ఉంది, నోటుబుక్కు కూడా.

"ఏట్రా, ఈ ఏడెంత?" అన్నాడు.

అంకె చెప్పాను. చుట్ట నోట్లోంచి తీయకుండానే, నవ్వకుండా అడిగాడు:

"ఎకరానికా, ఎట్టరుకా?"